పట్టుబట్ట కింద మైకు

జగిత్యాలలో మనుమడు కార్తికేయ ఒడుగు ముగించుకొని భార్యాభర్తలిద్దరూ ధర్మపురి బస్సెక్కారు. సీట్లో కూర్చున్నా ఆయన కోపం దిగలేదు.

“పట్టుబట్ట కప్పుకొని తండ్రి కొడుకు చెవుల చెప్పే మంత్రమది. గా వీడియోవాడు తండ్రి కండువకు మైకు పెడ్తడా? ఫంక్షన్ హాలంత మోగింది!”

“మోగింది. నేను గూడ విన్న.”

“అగో, నేననేది గదే! వంటోళ్లు విన్నరు, కుర్చీలు సర్దేటోళ్లు విన్నరు. ఒడుగు నవ్వులపాలైంది.”

“ఎవ్వరు నవ్వలే. వంటామె గంటె పక్కకు పెట్టి దండం పెట్టింది.”

“నువ్వు గూడ వాన్నే ఎనకేసుకొస్తవా?”

“ఇద్దరు కొడుకుల ఒడుగులు చేసినం. మన ఇంట్ల బట్ట కింద తల్లికి చోటు లేదని నన్ను బయటనే కూసోవెట్టిండ్రు. నలభై ఏండ్లసంది మీ సంధ్యకు నీళ్లు నేనే పెడ్తున్న. గా మంత్రం ఇయ్యాల్నే నా చెవులవడ్డది. దానర్థమేందో చెప్పుండ్రి.”

పూటపూటా తాను జపించే మాటలకు అర్థం చెప్పమని ఆమె అడగడం ఇదే మొదలు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“మా బుద్ధికి దారి చూపుమని సూర్యున్ని అడుగుడు.”

“ఒక్క పిలగాని బుద్ధికేనా?”

“కాదు, మనందరి బుద్ధికి.”

ముందు సీట్లవాళ్లు తిరిగి చూసేంతగా ఆమె గొంతు లేచింది.

“మరి అందరికోసం అడిగేదాన్ని బట్ట కప్పి ఎందుకు అడుగుతున్నరు?”