గేటు కాడి రిజిస్టరు

పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో నాలుగో రౌండు ఇంటర్వ్యూ ముగించుకొని వచ్చిన అమ్మాయి ముందుకు గేటు సెక్యూరిటీ ఆయన రిజిస్టరు జరిపాడు. ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.

“పోయేముందు సంతకం పెట్టాలమ్మా.”

“పెడతా సార్.”

“ఎవరూ లేరులే. లోపల ఏమడిగిరి?”

“మీ నాయన ఏం చేస్తాడని అడిగిరి.”

ఆయన రిజిస్టరు మీంచి తలెత్తాడు. “చెప్పద్దంటి గదా తల్లీ! వాచ్‌మన్ కూతురంటే చులకన చేస్తారని...”

“మూడు రౌండ్లు దాస్తి. ఈ పొద్దు నోరు ఊరుకోల్యా. మీ గేటు కాడ నిలబడేది మా నాయనే అని చెప్పేస్తి.”

“ఏమనిరి?”

“సోమవారం నుంచి డ్యూటీకి రమ్మనిరి. ఇంక ఈ పుస్తకంలో రాసే పనిలేదు, నాయనా.”

ఆయన పెన్ను మూత తీసి చేతికిచ్చాడు.

“ఈ ఒక్క తూరి రాయమ్మా. తండ్రి పేరు కాడ నాలుగు తూర్లూ ఖాళీ ఇడిచిపెడితివి.”