గౌరయ్య కలిపిన మందు

2003, ఎండాకాలం. శామీర్‌పేట. గౌరయ్య కొట్టంలో బర్రె కూలబడి ఉంది. దాని తలను అతని భార్య వజ్రమ్మ ఒళ్లో పెట్టుకుంది. పశువుల దవాఖాన కాంపౌండర్ గిడియోన్ అప్పుడే వచ్చి సంచి దించాడు.

“గిడియోన్ బిడ్డా, గోమార్ల మందు కలపాలంటే ఇక్కడికెల్లి మేడ్చల్ దాంక నా అసుంటోడు లేడు. నలభై బర్లకు రాసిన. ఒక్కటన్న తుమ్మలే.”

“ఇది తుమ్ముతలేదు తాతా, వణుకుతాంది. నోట్లకెల్లి సొంగ కారుతాంది. ఎప్పుడు రాసినవ్?”

“పొద్దుగాల. గోమార్లను చూడాల్సుండె నువ్వు, బర్రె నెత్తురు తాగి తాగి ఒక్కోటి రేగుపండంత! ఒక గోమారైతే నన్నే పలకరించింది, ఏం గౌరయ్యా, మంచిగున్నవా అని.”

“తాతా. ఏం మందు?”

“మందే.”

“మా దవాఖానల ఇచ్చిందేనా?”

“మీ మందుతోని గోమార్లు తానం జేసి పోతయ్ బిడ్డా.”

“అవ్వా, నువ్వన్న జెప్పు.”

“ద్రాక్షతోటల కొట్టే మందు సారు. పనికి పోయినప్పుడు సీసల పోస్కొచ్చిండు. వద్దు వద్దని మొత్తుకున్న. ఇంటడా?”

“తీగెలకు కొట్టేది బర్రెకు రాసినవా?”

“గదీ పురుగే, గిదీ పురుగే.”

“మందు డబ్బా ఏది? పేరు చూడాలె. పేరు తెల్వకుంటే ఏ సూది ఇయ్యాలె నేను?”

“డబ్బా తోటలనే ఉన్నది. నాది క్వార్టర్ సీస. దాని మీద ఇంకో మందు పేరున్నది, చదవమంటవా?”

“పరాచికాలొద్దు. ఎంత కలిపినవ్?”

“బకెట్ నిండ నీళ్లు, ఒక్క మూత మందు. మీరు చెప్పే లెక్కనే.”

“ఒక్క మూతకు గింత పెద్ద బర్రె గిట్ల పడదు. నలభై బర్లకు గిట్లనే కలిపినవా?”

“నలభై అంటే... రెండు. అండ్ల ఒకటి మేక.”

“మేకేమైంది?”

“పోయింది. ముసల్ది.”

“ముసల్ది గాదు సారు. సూడి మేక.”

“నువ్వూకోవే!”

“సరే, పేరు తెల్వకున్నా గీ వణుకు, సొంగ జూసి సూది ఇస్తున్న. గని ఉట్టి సూదితోని కాదు. ఒంటి మీది మందంత పోవాలె. సబ్బు పెట్టి కడిగినవా?”

“రెండుసార్లు.”

“మరి గీ జిడ్డేంది?”

“మా బర్రె నిగనిగలాడుతది బిడ్డా, దిష్టి పెట్టకు.”

“నీ చేతులెందుకు వణుకుతున్నయ్?”

“డెబ్బై ఏండ్లు.”

“గీ చెమటలు? చేతులకు కవర్లు కట్టుకున్నవా లేదా?”

“కవర్ కట్టుకుంటే నా చెయ్యని బర్రె ఎట్ల గుర్తు పడతది?”

“అయ్యో తాతా! అవ్వా, లే. నీళ్లు తే, ఎన్నుంటే అన్ని. బర్రెను కడగాలె, తాతను కడగాలె. ఆయనను బండి మీద పెద్ద దవాఖానకు తీస్కపోత. జల్దీ!”

“ఏం నీళ్లు సారు?”

“ఏవో ఒకటి. పొద్దుగాల మందుల కలిపిన నీళ్లు ఏడికెల్లి తెచ్చిండు?”

“బోరెండి నెల దాటింది. ట్యాంకర్ రాక నాలుగు దినాలాయె. కడవల అడుగున రెండు చెంబులుండె, గవి గూడ నిన్ననే బర్రెకు తాపిండు.”

“మరి బకెట్ నిండ నీళ్లంటివి... ఉట్టి మందే రాసినవా తాతా? తాతా, ఇటు జూడు.”

“కోపం జెయ్యకు బిడ్డా. మందు నిజం, మేక నిజం. గోమారి నన్ను పలకరించింది గూడ నిజమే. నేను అల్లింది నీళ్లొక్కటే.”