గోతంలో గురగుర

"అవ్వా, పిల్లి ఇట్ల గురగురమంటాది ఎందుకు? సంతోషానికేనా?"

ఏమ్మే మంజూ, ఫోన్లో రికార్డు ఆన్ చేసినావా? ఆ బిందె మీద పెట్టద్దు, జారి పడతాది. ఈడ పెట్టు, నా పక్కన. ఇనపడతాదా నా గొంతు? సరే.

అందరూ సంతోషానికే అంటారు. నీ తొడ మీద ఉండే ఇది ఇప్పుడు సంతోషానికే అంటాండాది, కాదనను. కండ్లు మూసుకుని ముందరి కాళ్ళతో నీ చీర పిసుకుతాండాది సూడు. కానీ పిల్లి ఈనేటప్పుడు గూడా అంటాది పాపా. మన గడ్డివామి కింద ఒగ పిల్లి ఈనుతా ఉంటే నేను ఇన్నా. నొప్పులకు ఒళ్ళంతా అదురుతాండాది, గొంతులో గురగుర. కుక్క కరిచి కాలు ఏలాడేసుకుని వచ్చిన పిల్లి గూడా అంటాది. పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పినాది, "నొప్పికీ భయానికీ గూడా అంటాదవ్వా, దానికది ధైర్యం చెప్పుకుంటాది" అని. పెద్ద సదువు సదివి చెప్పినాది, మంచిదే. ఆయమ్మ పుట్టకముందే మా రత్న చెప్పినాది నాకు ఈ మాట. రత్నంటే మా చెల్లెలు, బెళుగుప్ప అవ్వ. నీవు పసిబిడ్డప్పుడు ఎత్తుకునింది. నీకు యాడ గుర్తుంటాదిలే.

అప్పుడు మా నాయన వాళ్ళు ఉండింది రాప్తాడు పక్కన పల్లె. నన్ను అప్పటికే మీ తాతకు ఇచ్చినారు. మీ అమ్మ నా కడుపులో ఉండె. కాన్పుకు పుట్టింటికి పోయింటి. కాదు కాదు, కాన్పుకు ఇంకా టైముండె, విత్తనాల కాయలు వొలిచేదానికి మనుషులు చాలక పిలిపించినారు. ముంగారు, అదే తొలకరి వాన పడకముందే చెనక్కాయలు వొలిచి విత్తనం తయారు చేసుకోవల్లగదా. ఇప్పుడు మిషన్లు. అప్పుడంతా యేలిగోర్లే. సాయంత్రానికి గోర్ల సందుల్లో నెత్తురొస్తాండె. కూలికి పోయినోళ్ళకు సేరుకు ఇంతని అణాల్లెక్కన ఇచ్చేవాళ్ళు. సొంత ఇంట్లో ఆడోళ్ళకు అదీ లేదు.

నడిమింట్లో కాయల మూటలు, మూటలుంటే ఎలకలు, ఎలకలుంటే పిల్లి. ఆ పిల్లి ఎలకల్ని వదిలిపెట్టి కోడిపిల్లల్ని పట్టడం మరిగినాది. నాయన ఊరవతల వదిలేస్తానన్నాడు. పిల్లిని వదిలేదానికి ఒగ పద్ధతుండాది మా పక్క. గోతంలో ఏసి, మూతి కట్టి, గిరగిరా తిప్పల్ల. దిక్కు తెలియకూడదు దానికి. దారి కండ్లబడితే తిరిగొస్తాదని.

నాయన తిప్పినాడు. తిప్పి భుజానికి ఏసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, నగినాడు. "ఇనండే, లోపల గురగురమంటాండాది. పోయేదానికి దీనికీ ఇష్టమే!" అన్నాడు. అందరూ నగినాము. రత్న ఒగతే నగలేదు. "అది భయానికి అంటాండాది నాయనా" అన్నాది. "నీకెట్ల తెల్సే, పిల్లి నీతో చెప్పినాదా?" అన్నాడు నాయన. అది మళ్ళా కాయలు వొలుచుకుంటా కూచున్నాది.

రత్నకప్పుడు పందొమ్మిదేండ్లు. ఆ యేడే దాని పెండ్లి మాట. పిల్లోడు ఎవురంటావా, మా చిన్నమామ ఎంకటరాముడు, మా అమ్మకు సొంత తమ్ముడు. నన్ను బయటి సంబంధానికి ఇచ్చినారు గదా, దాన్నన్నా లోపల పెట్టుకుందామని మా అమ్మ. ఉండేది నాలుగెకరాల మెరక, ఆ మెరక మీద వాన పడితే పంట, లేకపోతే గాలి. అది బయటికి పోకూడదంట! అది యాడికి పోతాదప్పా? పిల్లని ఇచ్చి కట్టేసినారు, మెరక్కు.

అప్పుడు ఆడపిల్లను నేరుగా "నీకు ఇష్టమేనా" అని అడిగేది మా ఇండ్లల్లో లేదు. పని చేస్తాంటే పక్కన కూచునేది, ఊరికే ఆ మాట ఎత్తేది, చేతులు చూసేది. చెయ్యి ఆగిపోతే ఇష్టం లేదు. పని సాగుతా ఉంటే ఇష్టమే. ఎంత అగ్గవ లెక్క సూడు! మా అమ్మ అట్లనే పోయి రత్న పక్కన కూచుని, "చిన్నమామ నిన్నే అడుగుతాండాడే" అన్నాది. నేను గూడా ఆడనే కాయలు వొలుస్తాండా. రత్న చెయ్యి ఆగలేదు. ఎట్లాగుతాది? పైన మబ్బు పట్టింటాది, ఇంకా సగం మూటలు అట్లనే ఉండాయి. ఆగితే నాయన తిడతాడు. చెయ్యి ఆగకపోగా, గొంతులో సన్నగా రాగం మొదలయినాది. పాట కాదు. మాటల్లేవు. ఊరికే ఊఁ ఊఁ అని.

మా అమ్మ లేచి బయట అరుగు మీదుండే మొగోళ్ళకు పోయి చెప్పినాది, "చెయ్యి ఆగలేదు, పైగా రాగం తీస్తాండాది!" అంతే. తమలపాకులు మార్చుకున్నారు.

పిల్లి వారం దినాలకు బక్కచిక్కి తిరిగొచ్చినాది. నాయనకు జాలయింది. ఉండనీలే అన్నాడు. రత్న గూడా పెండ్లయిన యేడు ఒగసారి వచ్చినాది, పండగ లేదు పబ్బం లేదు, ఒగతే, చేతిలో చిన్న సంచి. రెండు దినాలు పెట్టుకుని, రవికగుడ్డ ఇచ్చి, నాయనే బస్సెక్కించి వచ్చినాడు. దాన్ని ఉండనీలే అనలేదు.

మామ చెడ్డోడు కాదు పాపా. అది చెప్పల్ల. తాగేది లేదు, కొట్టింది లేదు. ఊరంతా అదే మాట, "కొట్టడమ్మా, దేవుడట్లాటోడు" అని. సంతలో ఎద్దును అమ్మేటప్పుడు కుమ్మదని చెప్తారు చూడు, అట్ల. మనోళ్ళకు మొగోడు కుమ్మకపోతే సాలు.

రత్న రాగం మాత్రం ఆగలేదు. పొయ్యి కాడ అదే, కలుపు తీస్తా అదే. బోరు ఎండిపోయి మైలు దూరం నుంచి నీళ్ళు మోస్తా గూడా అదే. ముగ్గురు బిడ్డల్ని కనేటప్పుడు గూడా అరవలేదంట, ఊఁ ఊఁ అన్నాదంట. మంత్రసానే చెప్పినాది నాకు. "మా రత్న రాగం ఇనపడకపోతే నాకు సంగటి గొంతు దిగదు" అని మామ అందరికీ చెప్పుకునేవాడు. మా అమ్మ సచ్చేదాకా అదే సంతోషం ఆయమ్మకు. "పెద్దది గొణుగుతాది, చిన్నది పాడుతాది" అని. పెద్దదంటే నేనే.

పోయినేడు మామ పోయినాడు. కర్మలన్నీ అయినాక నేను పోయి ఒగ నెల ఆడుంటి. ఇంట్లో రాగం లేదు. నాలుగైదు దినాలకు నాకు తెలిసొచ్చినాది. బిడ్డలు అప్పటికే అనంతపురం తీసకపోయి డాక్టరుకు చూపించినారు. "అమ్మకు దిగులు పట్టింది పెద్దమ్మా, నోట్లో నుంచి రాగమే వస్తాలేదు" అని పెద్దోడు కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. దాన్ని చూస్తే బాగుండాది. సంగటి ముద్ద తింటాది, ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం ఏయించుకుంటాది. మద్యాన్నం పడుకుంటే పిలిచినా లేయదు.

ఒగ దినం కందిబేడలు చెరుగుతా అడిగినా, "ఏమే, నీ రాగం ఏమయిపోయింది?" అని.

"ఇంక పనిలేదక్కా దాంతో" అన్నాది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పినాది. "మామ నన్ను సంకనేసుకుని తిరునాళ్ళకు తీసకపోయినాడక్కా. నా ముక్కు తుడిచినాడు, నాకు బొరుగులు కొనిచ్చినాడు. నాయన తర్వాత నాయన నాకు. ఆయప్పను మొగుడని యాడ అనుకునేది? ఆయప్ప గడప లోపలికి అడుగుపెడితే నా గొంతులో అది మొదలవుతాండె. ఆ రాగం తీస్తా ఉంటే కొంచెం నిమ్మళం. మంచోడు గాబట్టి యాడా చెప్పుకునేదానికి గూడా లేకపాయె."

"అప్పుడే చెప్పకపోతివా?" అంటి.

"ఎవురడిగినారక్కా? నోరు ఈడ పెట్టుకుని కూచున్నా, మీరంతా నా చేతులు చూసినారు."

నేను చేట కింద పెట్టేసినా. అడిగేదానికి అమ్మ లేదు, నాయన లేదు. మామ లేడు. దాని వయసు లేదు. నలభై ఐదేండ్ల కాపురం పాపా. అదేమీ ఏడవలేదు. బేడల్లో రాళ్ళు ఏరుకుంటా కూచున్నాది.

పెద్దోడు మాత్రలు తెచ్చినాడు సాయంత్రం. "వద్దురా, మీయమ్మ బాగుండాది" అంటే ఇనలేదు. "బాగుంటే పాడేది గదా పెద్దమ్మా" అంటాడు. ఆ బిడ్డకు యామని చెప్పేది? వాళ్ళ నాయన గురించి చెప్పేదా? "మింగుతాలేప్పా" అని వాడి ముందర చేతిలోకి తీసుకుని, వాడు పోయినాక నాకు చూపించి పెరట్లో పారేసినాది. నగినాది మే. పండ్లు లేవు దానికి ముందర, అయినా ఎంత బాగుండాదో. చిన్నప్పుడు అట్ల నగేది. నేను మర్చేపోయింటి.

ఇప్పుడు పడుకునింటాది ఈ టైముకు. పడుకోనీ.

సరేలే పాపా. నీవు సల్లగుండు. నిన్ను అడిగేటోళ్ళు నీ ఎదురుగ్గా కూచుని, నీ మొగం చూసి అడగల్ల. నీవు చెప్పేదాకా లేయకూడదు వాళ్ళు. అట్లాంటోళ్ళే దొరకల్ల నీకు, ఎంతమంది ఉంటే అంతమంది. నీవు గూడా ఎవురినన్నా... ఆ, అదే, అట్లనే అడగల్ల.

ఆ తలుపు దగ్గరికి ఎయ్యి. దుమ్ము లేస్తాండాది బయట.