దేవుని పిడికెడు బియ్యం

ఏందీ, నోట్‌బుక్ మీదనే నిద్రపోతున్నవా జెనిఫర్? ఏం క్వశ్చన్ అది, జెర గట్టిగ సదువు. "పెద్దలు లేని చోట పిల్లలు నాగరికులుగా ఉంటారా, మృగాలవుతారా? మీరు చదివిన కథల ఆధారంగా చర్చించండి." అబ్బో! మీ కాలేజోళ్ళకు ఏం పనిలేదు. గీ కథలు రాసేటోళ్ళు సుత, పిల్లల్ని తీస్కపోయి ఏ సముద్రం నడుమ దీవిలనో పడేస్తరు, ఎందుకో మరి. మా మెట్టుగూడల పడేస్తే సాలదా? నవ్వకు. నేను మూడు రోజులు గట్ల ఉన్నోణ్ణే. కుక్కర్ నువ్వే పెట్టినవ్ కదా ఇయ్యాల? మంచిగైంది, విజిల్ వచ్చేదాంక చెప్త, కూసో. డోరా సంగతి నీకు ఎన్నడన్న చెప్పిన్నా? చెప్పలే. ఎవరికీ చెప్పలే, మీ నాయనమ్మకు సుత చెప్పలే.

రైల్వే క్వార్టర్స్ ఎనక మా మిషన్ హాస్టల్ ఉంటుండె. ఇప్పుడు గాడ అపార్ట్‌మెంట్లు లేసినయ్, పో. అందరం పోరగాండ్లమే. నాకు పదేండ్లు. వార్డెన్ సామ్యూల్ అయ్యగారు, ఆయన బెత్తానికి నూనె పెట్టి మరీ ఎండకు పెడ్తుండె, ఊరగాయ లెక్క. వంట చేసేది సువార్తమ్మ, గుంటూరు దిక్కు మనిషి. ఆమె బిడ్డనే డోరా. పన్నెండేండ్ల పిల్ల, బక్కది, రెండు జడలు, మాట మాత్రం కొడవలే. ఎండకాలం సెలవులల్ల, ఇండ్లకు పోయేతందుకు దిక్కులేని పంతొమ్మిది మందిమే మిగిలినం. ఒకనాడు సువార్తమ్మకు కడుపునొప్పి లేసింది, ఆమె మెలికలు తిరుగుతుంటే అయ్యగారు రిక్షాల ఎక్కించుకొని దవాఖానకు తీస్కపోయిండు. "గంటలో వచ్చేస్తాను, ప్రార్థన చేసుకుంటూ ఉండండి" అన్నడు. గంటల వచ్చిందేందో తెలుసా? కర్ఫ్యూ! ఊర్ల ఏదో గొడవ. వాచ్‌మెన్ ఇంటికి పోయినోడు పోయినట్టే. గేటు బయట పోలీసు బండ్లు, లోపల మేము. పెద్దమనిషన్నోడు ఒక్కడు లేడు.

మొదటి రోజు పండుగే అనుకో. ప్రార్థన లేదు, స్నానం లేదు, మంచాల మీద ఎగురుడు. ఇగ రెండోనాడు పొద్దుగాల ఆకలి షురూ అయింది. తాతారావని పదిహేనేండ్లోడు ఉంటుండె, మీసం మొలుస్తున్నది. వాడు ఇటుకతోని కొట్టి స్టోర్‌రూం తాళం పలగ్గొట్టిండు. బస్తా అడుగున ఇన్ని బియ్యం ఉండె, గంతే. పెద్దోళ్ళకు రెండు గ్లాసులు, చిన్నోళ్ళకు ఒక గ్లాసు, డోరాకు ఏం లేదు, "వంటామె పిల్లకు వాటా ఏంది?" అన్నడు. ఎవని బియ్యం వాడు తలగడల పోసుకుండు, ట్రంకుపెట్టెల దాసుకుండు. వండుడు ఎవనికొస్తది? పచ్చి బియ్యమే నమిలినం. కడుపులు గుంజుతుంటే నక్కల లెక్క ఒకనివంక ఒకడు చూసుకునుడు. రోజూ రాత్రి కలిసి పాట పాడేటోళ్ళమేనా మేము అనిపిస్తది ఇప్పుడు తలుసుకుంటే.

మూడోనాడు పొద్దుగాల తాతారావు తలగడ ఖాళీ. దొంగెవడు? ఇస్సాకు అని ఏడేండ్ల పిల్లగాడు, కొత్తగొచ్చిండు, నత్తి, పక్క తడుపుతడు. అడిగితే "నే... నే..." అన్నడు, మాట బయటికి రాలే. గంతే, వీడే దొంగ! బోరింగ్ పంపుకు తువ్వాలలతోని కట్టేసిన్రు. మే నెల ఎండ బిడ్డా, పంపు ఇనుము చెయ్యి పెడితే కాలుతది. చుట్టూ తిరుగుతా కంచాలు వాయించుడు, "దొంగ! దొంగ!" అని. వాడు ఏడ్సుడు సుత బంద్ చేసిండు, తల ఒక దిక్కు వాలింది. నేనూ వాయించిన. అందరికంటె గట్టిగ వాయించిన. ఎందుకంటవా... చెప్త ఆగు.

గప్పుడు వంటింట్లకెల్లి డోరా వచ్చింది. అరుస్తదనుకున్నం, అరవలే. చేతిల కుండ. ఆ కుండ మాకందరికీ ఎరుకే. సువార్తమ్మ ఏ పూటన్న బియ్యం కొలిస్తే, కడిగే ముందర పిడికెడు తీసి దాంట్ల ఏసేది. దేవుని బియ్యం. ఆదివారం గుడికి పోవాలె. ఆకలితో సచ్చినా ఎవ్వడూ ముట్టడు, తాతారావు సుత ముట్టలే. ఆ పిల్ల సక్కగ పంపు కాడికి పోయి, "ఈ బియ్యం ఇస్సాకుకి వండుతున్నా. కట్లు విప్పండి" అన్నది. "పాపం తగుల్తది! దేవునిది!" అని తాతారావు అరిసిండు. "ఒరేయ్, దేవుడికి కర్ఫ్యూ లేదురా. ఆయన ఎక్కడైనా తింటాడు. ఈ పూట ఈడితో కలిసి తింటాడు. నువ్వు అడ్డమొస్తే ఆయనకి నువ్వే చెప్పుకో" అన్నది. అయ్యో, ఇప్పటికీ చూడు, చేతి మీద వెంట్రుకలు లేస్తున్నయ్. అందరం పైకి చూసినమే!  ఆమెనే కట్లు ఇప్పింది, వాన్ని నీడకు తీస్కపోయి తలమీద నీళ్ళు పోసింది.

తరువాత ఆ కుండల బియ్యం ఇస్సాకుకని పొయ్యి మీద పెట్టి, కుండ మీద గుడ్డ కప్పి మళ్ళ తెచ్చింది. "అన్నం కావాలనుకున్నోడు వచ్చి గుడ్డ కింద చెయ్యి పెట్టండి. ఎంత పోశాడో నేను చూడను, ఎవడూ చూడకూడదు. కుండలో ఎంతుంటే అంత వండుతా, అందరం ఒక్కటే తింటాం" అన్నది. కుండ ఎవరు పట్టుకోవాలె? అందరి దిక్కు చూసి, "శాంతికుమార్, నువ్వు పట్టుకో" అన్నది. నేను రెండడుగులు ఎనక్కి ఏసిన బిడ్డా. ఎందుకంటే తాతారావు బియ్యం దొంగిలించింది నేనే. మా అమ్మ నా పేరు కుట్టిచ్చిన రుమాల్ల మూటగట్టి, వంటింటెనక కట్టెల మోపుల దాసిన. పొయ్యి ఎలిగిచ్చేది ఎవరు? కట్టెలు తీసేది ఎవరు? నా పదేండ్ల బుర్రకు గా సోయి లేకపాయె. కుండ చేతిలకు తీస్కున్న, ఖాళీ కుండ కాదది, బరువున్నది. గుడ్డ కింద వేలు పెట్టి చూసిన. అడుగున నా రుమాలు మూట.

దొంగ చేతికి తాళాలిచ్చుడు అంటరు చూడు, అది తెలిసీ ఇచ్చింది. ఒక్కొక్కడు వచ్చి చెయ్యి పెడుతున్నడు, బియ్యం రాలుతున్న సప్పుడు ఇనబడుతున్నది. తాతారావు మూడు సార్లు వచ్చిండు, వాడు దాసిన బియ్యం ఇంకోసోట సుత ఉండె మరి! ఆఖరుకు నేను మూటిప్పిన. ఆ రోజు తిన్న అన్నం, ఉప్పేసిన ఒట్టి అన్నమే, గసుమంటి అన్నం మళ్ళ తినలే. ఇస్సాకు ముందు తిన్నడు. తాతారావే వడ్డించిండు. సాయంత్రం అయ్యగారు కర్ఫ్యూ పాసు తీస్కొని ఉరుక్కుంట వచ్చిండు, చూస్తే అందరం వరుసల కూసొని పాట పాడుతున్నం. "దేవునికి స్తోత్రం! చూశారా, బెత్తం లేకపోయినా బెత్తం భయం ఉంది!" అని కమిటీ మీటింగుల సుత చెప్పుకుండు పాపం. డోరా తలుపెనక నిలబడి వాళ్ళమ్మ ఎట్లున్నదని అడగనీకి ఎదురుచూస్తున్నది. మూడు రోజులు ఆ పిల్ల గుండెల్ల ఆ తల్లి ఉండె, మాకెవ్వనికీ యాదికే లేదు. బతికిందిలే. తెల్లారి నా మంచం మీద నా రుమాలు, ఉతికి ఆరేసి మడతపెట్టి ఉండె.

మళ్ళ ముప్పయ్యేండ్లకు సైనిక్‌పురిల ఒక పెండ్లిల కనబడ్డది. జుట్టు నెరిసింది. ధైర్యం చేసి, "డోరా, ఆ రుమాలు..." అన్న. "ఏ రుమాలు తమ్ముడూ? నాకేం గుర్తులేదే" అని నవ్వి, నా కంచంల ఇంకింత అన్నం వడ్డించింది. నిజంగ మర్సిపోయిందో, నన్ను కాపాడిందో. ఆ ఏడే పోయింది. అందుకే పొద్దుగాల్నే డబ్బాలకెల్లి పిడికెడు బియ్యం తీస్తుంట, నువ్వు చాదస్తం అని నవ్వుతవ్. మృగాలమైనం బిడ్డా, అబద్ధం రాయకు. కానీ ఆ పిల్ల సుత పిల్లనే కదా, ఆమె కాడ సుత పెద్దోళ్ళు లేరు కదా.

అదిగో, విజిల్. అరే, ఇయ్యాల బియ్యం పోసింది నువ్వే కదా, పిడికెడు... ఏందీ? తీసినవా? నేను చెప్పకముందే తీసినవా?

...పో బిడ్డా, పో. స్టవ్ బంద్ చెయ్యి.