హమూద్ జీపు, అన్నిట్లోకీ పొట్టి గేరు రాడ్డు

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. సాయంత్రం అసర్ నమాజు అయింది, పొద్దుగూకి మగ్రిబ్ అయ్యేదాకా టైముంది, అల్లా దయవల్ల మన టీకొట్టు కోయా పోసిన టీ కూడా వేడిగానే ఉంది. నాకే ఒళ్లు మండిపోతోంది. బదర్, ఆ రెండు గేరు రాడ్లూ బల్ల మీద పెట్టు, అందరూ చూస్తారు. చూశారుగా? నా చెల్లెలి కొడుకు శుక్రవారం బిదియా ఇసుక కొండ ఎక్కుతాడట. దానికి ఈ కాస్త పొట్టిది చాలట. ఎవడ్రా నీకు చెప్పింది?

"స్పేరు పార్టుల కొట్టాయనే, మామా. మరీ పొట్టిది పెడితే పడింది ఒకటో గేరో మూడో గేరో చేతికి తెలీదన్నాడు."

వాడి మొహం. ఈ హమూద్ మేనల్లుడివై ఉండి కొట్టువాణ్ని అడుగుతావా? వినండయ్యా. నా జీపుకి మొదట్లో కంపెనీ రాడ్డే ఉండేది. గేరు మార్చాలంటే చెయ్యి మోకాలి దగ్గర్నుంచి పొట్ట దాకా రావాలి, అది వచ్చేలోపు ఇసుక చక్రాల్ని మింగేసేది. కోపమొచ్చి ఇదిగో, ఈ అన్నిట్లోకీ పొట్టిదే కొని బిగించాను. బిస్మిల్లా అని రెండో గేరులో కొండ మొదలుపెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"దిగబడ్డావా?" అన్నాడు టీ వడపోస్తూ కోయా.

నువ్వు టీ సంగతి చూసుకో. రాడ్డు బార్లీ గింజంత కదిలితే చాలు, మూడో గేరు. తర్వాత చెయ్యి కూడా అక్కర్లేదు, చూస్తే నాలుగు, అనుకుంటే అయిదు. శిఖరం వచ్చింది, జీపు ఆగలేదు, అలాగే ఆకాశంలోకి పోయింది. పక్కన ఎగిరే డేగ నన్ను చూసి దారిచ్చింది. ఒకవైపు సూర్ సముద్రం, ఒకవైపు జబల్ అఖ్దర్ కొండలు. అంతలో కింద అజాన్ వినబడింది. నమాజు వదులుతానా? గాలిలోనే రివర్సు వేసి, ఎక్కిన చక్రాల జాడలోనే దిగి, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని మొదటి వరసలో నిలబడ్డాను. అంతమంది చూశారు, ఒక్కడైనా సాక్ష్యం చెప్పాడా? అంతా కుళ్లుబోతులు. తియ్‌రా బదర్, ఆ పొట్టిది తియ్.

బదర్ చెయ్యి దాని మీదికి వెళ్లింది. మూల కూర్చున్న జహ్రాన్ కప్పు కింద పెట్టాడు.

"ఇసుకలోంచి లాగినవాడు ఎవరిని లాగాడో బయట పెట్టకూడదు, అది ఎడారి మర్యాద. అందుకే ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను, హమూద్. కానీ పిల్లాడు అదే రాడ్డు పట్టుకున్నాడు. ఆ రోజు నువ్వు మూడు అనుకుని ఒకటిలోకి తోశావు. ఇంజను పగిలింది, బండి పల్టీ కొట్టింది. తలకిందులుగా వేలాడుతుంటే బెల్టు కోసి తీశాను, జీపుకి తాడు కట్టి లాగాను. నువ్వెక్కింది కొండలో సగం కూడా కాదు."

బదర్ పొట్టి రాడ్డు వదిలేసి రెండోది ఒళ్లో పెట్టుకున్నాడు.

ఏంటలా చూస్తారు? సరే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పండి. హమూద్‌ని జహ్రాన్ లాగాడు, లాగి ఇన్నేళ్లు నోరు విప్పలేదు. అల్లా వాడికి మేలు చెయ్యాలి. తాడు సంగతి వచ్చినప్పుడు మాత్రం మస్కట్ దాకా ఉందని చెప్పండి. అంత పైనుంచి దించాలి కదా మరి.