వంటింట్లోకి వినపడాలి

జర్మనీలో బోఖుమ్ ఊరి చివర కార్ల షెడ్డు. ఇంజిన్‌కి గాలి అందించే ఎయిర్ ఇన్‌టేక్‌లు రెండు బల్ల మీద పెట్టి, ముసలి మెకానిక్ ఎదురుగా ఉన్నావిడ వంక చూశాడు.

"ఇది పెట్టెలో మూసి ఉన్నది. సర్కారు అనుమతి కాగితం ఉంది కాబట్టి తనిఖీలో ఎవరూ ఏమీ అనరు. చప్పుడు మాత్రం నడిపేవాళ్లకే వినిపిస్తుంది."

"అయితే వద్దు. మా నాలుగో అంతస్తు వంటింట్లోకి వినపడాలి."

"అంత మోత కావాలంటే ఈ తెరిచి ఉన్నదే. దీనికి కాగితం లేదమ్మా, పోలీసులు చూస్తే బండి అక్కడే ఆపేస్తారు. అయినా పక్కవాటాల వాళ్లు ఊరుకుంటారా?"

"మా ఇంట్లో అరుపులకి ఇన్నాళ్లూ ఊరుకున్నారుగా."

"బండి నడిపేది మీరేనా?"

"మా ఆయన, టోర్బెన్. పుట్టినరోజు కానుక. వీధి మలుపులో వినిపిస్తే చాలు, పాపని పై అంతస్తు ఆవిడ దగ్గరికి పంపేస్తాను."

చేతులు తుడుచుకుంటున్న మెకానిక్ ఆగిపోయాడు.

"ఒక్క మాటమ్మా. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితేనే ఇది అరుస్తుంది. ఆయన నెమ్మదిగా వస్తే మీకు వినపడదు."

"నెమ్మదిగా వచ్చిన రోజు భయం లేదండీ."