ఖాళీ, పోనీ

(మధ్యాహ్నం. బస్సు ఆగి ఉంది, ప్రయాణికులు ఇంకా ఎక్కలేదు. సీట్లో డ్రైవరు. పక్కన ఇంజను పెట్టె మీద కండక్టరు, డ్రైవరు భార్యకు తమ్ముడు.)

“నీళ్లు తాగు బావా. చెమట ఎలా కారుతోందో చూడు.”

“ఎండ.”

“ఎండేంటి, మబ్బు పట్టి ఉంటే!”

“అయితే ఉక్క. నా ప్రాణం తియ్యకురా.”

“ఇందాకటి ట్రిప్పులో, మలుపులో కళ్లు మూసుకున్నావు.”

“రెప్ప వేశా. రెప్ప కూడా వెయ్యకూడదా?”

“అంతసేపా? నిన్న డాక్టరు దగ్గరికి వెళ్లావట. అక్క చెప్పింది.”

“మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు.”

“ఏమన్నాడు?”

“ఏముంది... మెడ.”

“మెడకేమైంది?”

“ఎడమకి తిప్పితే లోపల రక్తనాళం ఏదో నొక్కుకుపోతోందట. తలకి రక్తం సరిగ్గా అందక కళ్లు తిరుగుతున్నాయట. తిన్నగా పెడితే మళ్లీ మామూలే. తిప్పితేనే కదా గొడవ? తిప్పను.”

“తిప్పకుండా బస్సెలా నడుపుతావు?”

“రెండు నెలల నుంచి నడపట్లేదూ? ఎడమ పక్క నువ్వు చూసి ‘ఖాళీ, పోనీ’ అంటావు, నేను పోనిస్తాను.”

“అదే భయంగా ఉంది బావా. డిపోలో చెప్పెయ్. ఏదో ఒక కుర్చీ పని ఇస్తారు.”

“ఇస్తారు, ఇస్తారు! లైసెన్సు లాక్కుని ఇంటికి పంపుతారు. రిటైరుమెంటుకి ఇంకెంతరా, పద్నాలుగు నెలలు. ఇరవయ్యారేళ్లు ఈది వచ్చి, ఒడ్డు దగ్గర మునగమంటావా?”

“నలభై మందిని ఎక్కించుకుని...”

“తెలుసురా! నాకు తెలీదనుకున్నావా? ఎక్కే ప్రతి మొహం చూస్తూనే ఉంటా. భయపడీ భయపడీ అలిసిపోయాను. రాత్రి పడుకుంటే మంచం కూడా తిరుగుతోంది.”

“మరి ఇంకెందుకు ఈ మొండితనం?”

“నువ్వున్నావని. నా మెడ పోతే పోయింది, నీ కళ్లున్నాయి.”

“బావా...”

“ఇందాక ఆ మలుపులోనే చూడు. నువ్వు ఆగమనకపోతే ఆ సైకిలు పిల్ల మన చక్రం కిందే ఉండేది.”

“నేను ఆగమనలేదు.”

“అన్నావు. ‘ఆగు ఆగు’ అని అరిచావు.”

“కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన అరిచాడు. నేను ‘పోనీ’ అనబోతున్నాను.”

“పోనీ అనా? పక్కనే సైకిలుంటే!”

“కనబడలేదు.”

“ఏంటి కనబడలేదు? అంత దగ్గర్లో...”

“శుక్లాలు బావా, రెండు కళ్లకీ. చేతిలో టిక్కెట్టు కనిపిస్తుంది, నీ మొహం కనిపిస్తుంది. ఆ అద్దం దాటితే అంతా పొగే. రెండు నెలల నుంచి నేను చూసి చెప్పట్లేదు. హారను వినబడకపోతే ఖాళీ అంటున్నాను.”